లాయరమ్మ సోఫా

"రేపు మధ్యాహ్నం ఇంట్లో ఉంటారో ఉండరో మీ ఆయన్ని అడుగు," అంది పిట్ట.

ఆ 'మీ ఆయన' ఎక్కడో లేడు. అదే గదిలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పాత కుర్చీ ఒకదాన్ని తలకిందులుగా ఒళ్ళో పెట్టుకుని దాని అడుగున గుడ్డ బిగిస్తున్నాడు. కూతురన్న మాట నేరుగా ఆయన చెవిలోనే పడింది. అయినా నిన్నటి నుంచి ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళ మాటలన్నీ తల్లి మీదుగానే నడుస్తున్నాయి.

"విన్నారుగా," అంది అంచులమ్మ భర్తతో.

మేస్త్రి పక్కనున్న డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు మేకులు తీసి నోట్లో పోసుకున్నాడు.

సోఫాలు కుట్టేవాళ్ళు చిన్న మేకుల్ని పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే నాలుకతో బయటికి తోసి సుత్తికి అందిస్తారు. రెండు చేతులకీ పనున్నప్పుడు మూడో చెయ్యి నోరే మరి. మేస్త్రి విషయంలో మాత్రం ఆ ఒడుపు పని దాటి సంసారంలోకి కూడా వచ్చింది. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా ఆయన నోటినిండా మేకులుంటాయి. పెళ్ళయిన కొత్తలో అంచులమ్మ దాన్ని పనిమీద శ్రద్ధ అనుకుని మురిసిపోయింది. పాపం, అప్పుడు కొత్త కోడలు.

అంచులమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. దిళ్ళకి ఆమె అంచు కుడితే కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కనపడదని వీధివాళ్ళు పెట్టుకున్న పేరు. ఇప్పుడు ఆమె చేతిలో ఒక దిండు గలీబు ఉంది గానీ, కుట్టు ముందుకి కదలడం లేదు.

"ఫోటోలో అయితే దొరగారిలా కూర్చున్నారు," అంది పిట్ట. "అప్పుడు నోట్లో మేకుల్లేవు."

ఆ ఫోటో నిన్న పొద్దున మెయిలులో వచ్చింది. సముద్రాల అవతలి యూనివర్సిటీ ఒకటి పిట్టకి వంతెనలు కట్టే చదువులో సీటిచ్చింది. ఇంటి పరిస్థితి చూసి పై దేశాల పిల్లలకిచ్చే సాయం కింద ఫీజు మొత్తం తామే భరిస్తామని కూడా అంది. ఖాయం చేసేముందు ఆ యూనివర్సిటీ ఆఫీసావిడ వీడియోలో తల్లిదండ్రులతో మాట్లాడింది. మధ్యలో వాళ్ళే ఒక దుబాసీని పెట్టుకున్నారు. పిల్ల పక్కన ఉండకూడదన్నారని పిట్ట ఆ పూట కాలేజీకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి "ఎలా జరిగింది?" అంటే, "దివ్యంగా జరిగింది," అన్నాడు మేస్త్రి.

ఆ దివ్యమే ఇప్పుడు వీడియోలోంచి తీసిన ఫోటో అయి వచ్చింది. ముదురాకుపచ్చ వెల్వెట్ సోఫా, చేతులకి నగిషీ, వెనకాల నేలదాకా జారే కర్టెన్లు. ఇస్త్రీ చొక్కాలో కాలుమీద కాలేసుకున్న మేస్త్రి. పక్కన ముళ్ళమీద కూర్చున్నట్టు అంచులమ్మ. 'మా నాన్న సోఫాలు బాగుచేస్తారు, దుకాణం వెనక రెండు గదుల్లో ఉంటాం అని మీరు రాశారు. మేము చూసిన గది అలా లేదు. ఎల్లుండి మీతో మాట్లాడి, మీ వివరణ విన్నాకే సాయం సంగతి తేలుస్తాం,' అన్నది మెయిలు సారాంశం.

"వాళ్ళ దృష్టిలో నేను అబద్ధాలకోరుని," అంది పిట్ట. గొంతు పెంచలేదు. అరిస్తేనే బాగుండేదని అంచులమ్మకి అనిపించింది. "నేను ఉన్నదున్నట్టు రాశాను. ఉన్నదాన్ని వీళ్ళు మార్చేశారు."

"మార్చడమేంటే, సర్దారు," అంది మూలనుంచి అత్తగారు.

అత్తగారి సింహాసనం ఫోము ముక్కల దొంతర. ఎవరి సోఫాకి ఎంత ఫోము పట్టినా ఆవిడ కింద దొంతర మాత్రం తరగదు. "ఇల్లు చూస్తామన్నారు. చూడ్డానికి వస్తున్నారంటే ఇల్లు సర్దుకోరూ ఎవరైనా? చిందరవందరగా చూపించాలా? నేనే చెప్పాను వాడికి. అంత మంచి సోఫా ఇంట్లో ఉంటే గోడకేసి తిప్పి పెట్టుకోవడం దేనికిరా అని."

"అది మనది కాదు నాయనమ్మా."

"ఆ రోజు మన ఇంట్లో ఉందా లేదా?"

"లాయరమ్మది. బాగుచెయ్యడానికి ఇచ్చింది."

"బాగుచేశాంగా," అంది అత్తగారు. ఆవిడతో వాదించి నెగ్గినవాళ్ళు ఆ వీధిలో లేరు.

పిట్ట వచ్చి నాయనమ్మ ముందు మోకాళ్ళమీద కూర్చుంది. "వాళ్ళు లేనివాళ్ళకే ఇస్తారు నాయనమ్మా. మనకి లేదని వాళ్ళకి తెలియాలి."

"లేదని ఎదురెళ్ళి చెప్పుకోవాలా? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. పరువు తీసి బల్లమీద పెడితేగానీ చెప్పని చదువు ఏం చదువే?"

"తినడానికి లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె అని నువ్వే అంటావుగా."

"అది పక్కవాళ్ళని అనడానికి," అంది అత్తగారు.

వేరే రోజైతే ఆ మాటకి ఇల్లంతా నవ్వేది. పిట్ట లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు మెల్లగానే వేసుకుంది. సుత్తి చప్పుడు మాత్రం ఆగలేదు.

అత్తగారు కునికిపాట్లు మొదలుపెట్టాక అంచులమ్మ కుట్టు పక్కనపెట్టి భర్త ఎదురుగా కూర్చుంది. చెయ్యి చాచింది. మేస్త్రి కాసేపు చూసి, మేకులన్నీ ఆమె అరచేతిలో ఉమ్మాడు.

"చెప్పు," అన్నాడు.

"నేను చెప్పేదేముంది. మీరే చెప్పాలి, రేపు ఆవిడకి. సోఫా మాది కాదు, కస్టమరుది అని."

"కస్టమరు సామాను వాడుకునేవాడిని ఏమంటారో తెలుసా నీకు?"

"ఇప్పుడు అబద్ధాలకోరు అంటున్నారు. దానికన్నా నయమే."

మేస్త్రి కుర్చీ అడుగు గుడ్డని బొటనవేలితో నొక్కి చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన కస్టమర్ల సోఫాలో ఒక్కసారీ కూర్చోలేదు. స్ప్రింగు బిగువు చూడాలన్నా అరచేత్తో నొక్కి చూసేవాడేగానీ ఒళ్ళు ఆనించేవాడు కాదు. పసితనంలో పిట్ట ఒకసారి ఎవరిదో సోఫా ఎక్కి గెంతితే వీపుమీద ఒక్కటి వేశాడు. అలాంటి మనిషి కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడంటే లోపల ఎంత భయం ఉండి ఉంటుందో అంచులమ్మకి తెలుసు. తెలిసీ కోపం వస్తోంది, అదీ ఆమె బాధ.

"నీకు గుర్తుందా," అన్నాడు మేస్త్రి, "పెద్ద కుట్టుమిషను కోసం లోను అడిగితే బ్యాంకాయన వచ్చాడు. ఇక్కడే నిలబడ్డాడు. ఈ గోడలు చూశాడు, అమ్మ కూర్చున్న ఫోము చూశాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అదే నెలలో ఎదురు షాపతనికి ఇచ్చాడు, అతనికి అప్పటికే రెండు మిషన్లున్నాయి. ఉన్నవాడికే ఇస్తారే ఎవరైనా. వీళ్ళు మాత్రం లేనివాడికి ఇస్తారని నాకెలా తెలుస్తుంది?"

"పిల్ల చెప్పిందిగా."

"చెప్పింది. చదువుకున్నవాళ్ళు చెప్పేదొకటి, లోకంలో జరిగేదొకటి అనుకున్నాను."

అంచులమ్మ అరచేతిలోని మేకుల్ని డబ్బాలో వేసి, చెయ్యి చీరకి తుడుచుకుంది. అసలు మాట ఇంకా రాలేదు. ఇద్దరికీ తెలుసు.

"సోఫా సంగతి సరే," అంది. "రెండోదో?"

మేస్త్రి లోపలి గది తలుపు వైపు చూశాడు. "మెల్లగా."

రెండోది ఇది. ఫీజు యూనివర్సిటీది, సరే. గది అద్దె, తిండి మాత్రం ఇంటివాళ్ళు పెట్టుకోవాలి. 'పెట్టుకోగలరా?' అని ఆ రోజు ఆవిడ అడిగితే, మేస్త్రి వెల్వెట్‌కి వీపు ఆనించి, 'మేం చూసుకుంటాం,' అన్నాడు. ఆ రోజుకి అది అబద్ధం కాదు. లారీలు నడిపే తమ్ముడు 'ఆ భారం నాదన్నయ్యా' అని మాటిచ్చాడు. పోయిన వారం అదే తమ్ముడు కొత్త లారీ మీద వచ్చి, మొహం చెల్లక బండి దిగకుండానే, 'ఈ ఏడు కుదరదు' అని చెప్పి వెళ్ళాడు. పిట్ట ఆ పూట ఇంట్లో లేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇద్దరూ రోజులు దాటేస్తున్నారు.

"అది మళ్ళీ అడగరులే," అన్నాడు మేస్త్రి. "సోఫా గురించే కదా వాళ్ళ గొడవ."

"అడిగితే?"

"చూసుకుంటాం అందాం. అప్పటికి ఏదో ఒకటి చూడనా?"

"ఏం చూస్తారు?"

ఆయన డబ్బాలోకి చెయ్యి పెట్టాడు. అంచులమ్మ లేచి వెళ్ళిపోయింది. మేకులున్న నోటితో మాట్లాడే ఓపిక ఆ పూటకి లేదు.

* * *

మర్నాడు పొద్దున్నే అంచులమ్మ లాయరమ్మ ఇంటికి వెళ్ళింది. వెళ్ళమన్నది పిట్ట. "వాళ్ళు ఆవిడకి ఫోన్ చేస్తామంటే? ఆవిడకి ముందే తెలియాలి కదమ్మా. వెళ్ళాల్సింది నువ్వు కాదనుకో," అని చివరి ముక్క తండ్రికి వినపడేలా అంది.

లాయరమ్మ ముందుగదే ఆవిడ ఆఫీసు. గోడల నిండా కట్టలు కట్టిన ఫైళ్ళు, మధ్యలో ఆ ఆకుపచ్చ సోఫా. సోఫాలో ఒక ముసలాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"ఆయన వాయిదా మధ్యాహ్నం. పొద్దున్నుంచే వచ్చి పడుకుంటున్నాడు, నీ మొగుడు పనితనం అలా ఉంది," అంది లాయరమ్మ. "డబ్బులు ఇచ్చేశాను కదా, ఏమైనా బాకీ ఉన్నానా?"

"లేదండీ. ఒక విషయం చెప్పాలి."

నిలబడే చెప్పింది. తడుముకుంటూ మొదలుపెట్టినా, మధ్యలోకి వచ్చేసరికి ధైర్యం వచ్చింది. అంచులు కుట్టమని ఇచ్చిన కర్టెన్లు కూడా వాడుకున్నామని చెప్పడానికి మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. లాయరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వింది. ఆవిడ మొహం చూసి ఏమీ పోల్చలేం, అది ఆ వృత్తిలో నేర్చుకున్న మొహం.

"కూర్చో," అంది చివరికి.

"పర్లేదండీ."

"మీ ఇంట్లో కూర్చున్నదానివి మా ఇంట్లో కూర్చోవా?"

అంచులమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెళ్ళి ముసలాయన పక్కన, సోఫా అంచున కూర్చుంది.

"ఫోన్ చేస్తే చెప్తాను," అంది లాయరమ్మ. "సోఫా నాది, కర్టెన్లు నావి, మేస్త్రి మంచివాడు, కొంచెం తిక్క. సరేనా?"

"మీ మేలు మరిచిపోనమ్మా."

"ఆగు, ఒక మాట. కోర్టులో సాక్షి అబద్ధం ఒకటి దొరికిందనుకో. నేను దాన్ని పట్టుకుని వేలాడను. అది ఎలాగూ దొరికిందే. వాడు చెప్పిన మిగతావన్నీ ఒక్కొక్కటే గోకడం మొదలుపెడతాను. ఆవిడ తెలివైందైతే అదే చేస్తుంది. ఆ రోజు మీరు ఇంకేమైనా చెప్పారా?"

"లేదండీ," అంది అంచులమ్మ.

అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. మెట్లు దిగుతున్నప్పుడు గానీ ఆమెకి తెలియలేదు తనేం చేసిందో. మొగుణ్ణి అనుకున్నాం గానీ మనమేం తక్కువ తిన్నాం, అనుకుంది. సాయం చేస్తానన్న మనిషి సోఫాలో కూర్చుని, ఆ మనిషితోనే.

తిరిగి వచ్చే దారి పొడుగునా ఆమె ఒకటే ఆలోచించింది. పిట్టకి చెప్పెయ్యాలి. చెప్తే ఏమవుతుంది? పిట్ట అమ్మకి ఈ చదువు నియమాలన్నీ అన్నం తినిపించినట్టు వివరంగా చెప్పింది. ఇంటివాళ్ళు తమ భాగం పెట్టుకోలేకపోతే సీటు వెనక వరసలో ఉన్న ఇంకో పిల్లకి వెళ్ళిపోతుంది. అంటే నిజం చెప్తే సీటు పోవచ్చు. చెప్పకపోతే పిల్ల అక్కడికి వెళ్ళాక తిండికి కటకటలాడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడ్డ పిల్లకి మాత్రం తను ఎక్కడ నిలబడిందో తెలియదు. అదే అంచులమ్మకి అన్నిటికన్నా అన్యాయంగా తోచింది.

* * *

మధ్యాహ్నానికి పిట్ట దుకాణంలోని గుడ్డలు కత్తిరించే బల్లమీద లాప్‌టాప్ పెట్టింది. ఏదీ సర్దనివ్వలేదు. స్ప్రింగులు బయటపడ్డ సోఫా ఒకటి, చిరిగిన రెక్సిన్ చుట్టలు, అన్నీ ఎక్కడివక్కడే ఉండాలంది. నాయనమ్మ తనంతట తాను జడ వేసుకుని, ఫోము దొంతరమీద నిటారుగా కూర్చుంది.

"పిట్టా, ఒక మాట చెప్పాలి. లోపలికి రా," అంది అంచులమ్మ.

"తర్వాతమ్మా. ఇంకో నిమిషంలో వచ్చేస్తుంది ఆవిడ."

"ఇప్పుడే చెప్పాలే."

"అమ్మా, చెప్పాల్సినవన్నీ బట్టీపట్టి ఉన్నాను. ఇప్పుడు ఇంకేం చెప్పకు."

అంచులమ్మ కూతురి చేతుల్ని ఒక్కసారి తన చేతుల్లోకి తీసుకుని వదిలేసింది. చెప్పలేకపోయింది.

లోపలి గదిలోంచి మేస్త్రి వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా, ఫోటోలో ఉన్నది. పిట్ట తల్లి వైపు తిరిగింది, అలవాటు ప్రకారం ఏదో చెప్పి పంపించబోయింది. ఏమనుకుందో, ఆగి తండ్రివైపే చూసింది.

"నాన్నా, పనిచేసేటప్పుడు వేసుకునే చొక్కా వేసుకో. అదే బాగుంటావు."

నేరుగా మాట్లాడింది. మేస్త్రి లోపలికెళ్ళి చొక్కా మార్చుకొచ్చాడు. గుండీలు పెట్టుకుంటూ ముక్కు ఎగబీల్చాడు. "దుమ్ము," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

తెరమీద ఆఫీసావిడ కనపడింది. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, మెడలో సన్నటి గొలుసు. ఈసారి దుబాసీ లేడు, విద్యార్థితోనే మాట్లాడాలనుకుంటున్నాం అన్నారు కాబట్టి. ఆవిడ భాష ఈ ఇంట్లో పిట్టకి తప్ప ఎవరికీ రాదు. ఆవిడ అన్నది పిట్ట ఇటు చెప్పాలి, వీళ్ళు అన్నది పిట్ట అటు చెప్పాలి.

"సోఫా సంగతి నాన్ననే చెప్పమంటోంది," అంది పిట్ట.

మేస్త్రి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అది మాది కాదమ్మా. బాగుచెయ్యమని ఒక లాయరమ్మ ఇచ్చింది. కర్టెన్లు కూడా ఆవిడవే. మా పిల్ల రాసిందే నిజం. నేనే తప్పు చేశాను." బల్ల అంచుని బొటనవేలితో నొక్కాడు. "మాకు అప్పు ఇవ్వడానికి వచ్చినవాళ్ళందరూ, మాకేం లేదని చూసి వెళ్ళిపోయారు. మీరు కూడా అంతేననుకున్నాను. ఏమీ లేనివాళ్ళ పిల్లని అంతదూరం ఎవరు పిలుస్తారు అనుకున్నాను. సిగ్గేసింది. అంతే."

పిట్ట తండ్రిని చూసింది. తర్వాత అటు చెప్పింది, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు మెల్లగా. ఆఫీసావిడ వింటూ తలాడించింది. ఆ తర్వాత ఏదో అంది, పిట్ట మొహం విచ్చుకుంది.

"ఇల్లు చూపించమంటోంది. అసలు ఇల్లు."

లాప్‌టాప్ చేత్తో పట్టుకుని పిట్ట గదంతా తిరిగింది. మేస్త్రి వెనకే నడుస్తూ స్ప్రింగులు చూపించాడు, సోఫా పొట్టలో ఏమేముంటాయో చూపించాడు. నోట్లోంచి మేకు ఎలా తోస్తారో కూడా చేసి చూపిస్తే ఆవిడ ముందుకు వంగి మరీ చూసింది. కెమెరా తనవైపు తిరగగానే అత్తగారు, "మా వంశంలో ఎవరూ ఒకరిముందు చెయ్యి చాచలేదని చెప్పు," అంది. అది పిట్ట అటు చెప్పలేదు. "నమస్తే అంటోంది మా నాయనమ్మ" అని చెప్పి ఉంటుంది, ఆవిడ నమస్తే పెట్టింది.

లాయరమ్మ నంబరు రాసుకున్నాక ఆఫీసావిడ కుర్చీలో వెనక్కి వాలింది. గదిలో అందరికీ ఊపిరి తిరిగింది. గండం గడిచిందనుకున్నాడు మేస్త్రి, భార్యవైపు చూసి కళ్ళతోనే చెప్పాడు కూడా. అంచులమ్మ మాత్రం తెరమీదే చూపు పెట్టుకుంది. ఆఫీసావిడ కాగితం తిప్పింది. వేలితో ఒక వరస దగ్గర ఆగి, చిన్న ప్రశ్న ఒకటి అడిగింది.

"గది అద్దె, తిండి ఖర్చు మీరు పెట్టుకుంటామన్నారట ఆ రోజు," అంది పిట్ట తేలిగ్గా. "ఆ మాట అలాగే ఉందా అని అడుగుతోంది. బాబాయ్ ఉన్నాడుగా, ఉందని చెప్పేస్తున్నాను."

"ఆగు," అంది అంచులమ్మ.

పిట్ట నోరు తెరిచినది తెరిచినట్టే ఆగింది.

"బాబాయ్ ఇవ్వనన్నాడు. పోయిన వారం వచ్చి చెప్పి వెళ్ళాడు. డబ్బులు ఇంకెక్కడా లేవు. నీకు చెప్పలేకపోయాం."

ఆఫీసావిడ ఓపిగ్గా చూస్తోంది. ఆవిడకి ఇదంతా ఇంటిల్లిపాదీ సంప్రదించుకుంటున్నట్టు కనపడి ఉంటుంది. పిట్ట మొహంలో రంగు మారింది గానీ, గొంతు మారలేదు. తెర అవతల మనిషి ఉందని గుర్తుంచుకుని, మామూలుగా మాట్లాడుతున్నట్టే అడిగింది.

"ఇప్పుడా అమ్మా చెప్పేది?"

"పొద్దున్నుంచి చెబుదామనే చూస్తున్నాను."

"లేవని చెప్తే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

"తెలుసు."

"ఉన్నాయని చెప్పవే," అంది అత్తగారు. "అప్పటికి దేవుడు ఏదో ఒక దారి చూపించడా?"

"చెప్పు పిట్టా," అన్నాడు మేస్త్రి. "నేను చూసుకుంటాను. ఎలాగోలా చూస్తాను. నామీద నమ్మకం ఉంచు."

పిట్ట తల్లిని చూసింది. మొన్నటి నుంచి ఈ ఇంట్లో అందరికన్నా గట్టిగా నిజం నిజం అని పట్టుబట్టింది తనే. ఆ పిల్లే ఇప్పుడు, ఎవరైనా ఒక అబద్ధం చెప్పమని ఆజ్ఞాపిస్తే బాగుండునన్నట్టు చూస్తోంది. చెప్పు అంటే తల్లి అవుతుంది, వద్దు అంటే కూడా తల్లే అవుతుంది. ఏది అంటే పిల్ల బాగుంటుందో మాత్రం అంచులమ్మకి తెలియలేదు.

"ఉన్నది నీకు చెప్పాను," అంది. "ఆవిడకేం చెప్పాలో నాకు తోచడం లేదమ్మా. అక్కడ ఉండాల్సింది నువ్వు."

పిట్ట తెరవైపు తిరిగింది. ఒకసారి గొంతు సవరించుకుని ఆవిడ భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది.

అవును అనడానికి అంతసేపు పట్టదు. కాదు అనడానికీ అంతసేపు పట్టదు. పిట్ట చెప్తూనే ఉంది. అంచులమ్మ ఆ మాటల్లో తనకి తెలిసిన ముక్క ఒక్కటైనా దొరుకుతుందేమోనని చెవులు రిక్కించి వింది. ఒక్కటీ దొరకలేదు. పిల్ల మొహంలో వెతికింది. తను కని పెంచిన మొహం, తొమ్మిదో క్లాసులో పెన్ను పారేసుకుని దాచినప్పుడు కూడా ఇట్టే పట్టేసిన మొహం. అందులోనూ ఏమీ కనపడలేదు.

ఆఫీసావిడ వింది. ఏదో రాసుకుంది. ఒక చిన్న ప్రశ్న వేసింది, పిట్ట దానికి వెంటనే జవాబు చెప్పింది. ఆవిడ నవ్వింది, ఆ నవ్వు మెచ్చుకుంటున్నదో జాలిపడుతున్నదో తెలియలేదు. చెయ్యి ఊపింది. తెర నల్లబడింది.

"ఏమంది?" అన్నాడు మేస్త్రి.

"శుక్రవారం చెప్తానంది."

"నువ్వేం చెప్పావే?" అంది అంచులమ్మ.

పిట్ట లాప్‌టాప్ మూసి, దాని తీగని నెమ్మదిగా చుట్టింది. వెళ్ళి తండ్రి పక్కన, నేలమీద కూర్చుంది.

"ఆ రోజు మేం చూసుకుంటాం అని ఆవిడతో అన్నప్పుడు, నీకు భయం వెయ్యలేదా నాన్నా?"

"వేసింది," అన్నాడు మేస్త్రి.

"నాకూ వేసింది," అంది పిట్ట.